గాలము, ఎర, గ్రంథాలయము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో పురాణేతిహాసములను గూర్చియు, మహాకవులను గూర్చియు ప్రసంగించుట ఆచారము. విద్వద్గద్వాల యని పేరు గన్న సీమకు చేరువనున్న ఈ గ్రామమున అట్టి ప్రసంగములకు లోటు లేదు. నేటి ప్రసంగమునకు మాత్రము చేపలు పట్టు గాలము విషయముగ నేర్పడినది. సరస్వతీ మందిరమున గాలమున కేమి పని యని కొందరు శంకింపవచ్చును. ఆ శంక తీర్చుటకే ఈ నాలుగు మాటలు.

ఏ చేపకు ఏ కొక్కెము తగును, ఏ నీటిలో ఏ ఎర పనిచేయును, ఏ కార్తెలో ఏ గట్టున కూర్చుండవలెను అనునది ఒక శాస్త్రము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నదీతీరములందును, చెరువు కట్టలయందును నివసించు బెస్తవారు, ముదిరాజులు, గంగపుత్రులు ఈ శాస్త్రమును తరతరములుగ ఎరిగియున్నారు. కాని అది వారి చేతులలో నున్నది, పుస్తకములలో లేదు. చేతిలో నున్న విద్య ఆ చేయి చల్లబడిన నాడు దానితోనే పోవును. అట్లు పోకుండ నిలుపుట గ్రంథాలయ ధర్మము.

పూర్వులు ఈ విద్యను తక్కువగ చూచిరా యని మొదట విచారింపవలెను. అమరసింహుడు తన నిఘంటువున ప్రథమకాండమున వారివర్గమును కూర్చెను. చేపలు పట్టువానికి కైవర్తుడు, దాశుడు, ధీవరుడు అనియు, వలకు ఆనాయము, జాలము అనియు, చేపల బుట్టకు కువేణి యనియు, గాలమునకు బడిశము, మత్స్యవేధనము అనియు అందు పేర్లు చెప్పెను. చేపలలోను రోహితము, శఫరి, పాఠీనము, శకులము అని జాతులను వేరు చేసెను. పాఠీనమునకు సహస్రదంష్ట్రము అను మరొక పేరు కలదు. వేయి కోరలు గలదని దాని యర్థము. వాలుగ నోరు తెరిచి చూచినవాడు ఆ పేరెందుకు వచ్చెనో అడుగనక్కరలేదు. పాఠీనమనగా వాలుగయే యని పండితులు చెప్పుదురు. సంస్కృత నిఘంటువులోని మాట కృష్ణ ఒడ్డున బెస్తవాని బుట్టలో పడియున్నదన్న మాట.

అమరము పేర్లను మాత్రమే చెప్పును. పనిని చెప్పిన గ్రంథమును వ్రాసినవాడు ఒక చక్రవర్తి. పశ్చిమ చాళుక్య వంశజుడగు మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వరకు కల్యాణి రాజధానిగ పరిపాలించెను. పాలమూరు సీమకును ఆ వంశపు ఏలుబడి తెలిసినదే. ఆయన రచించిన మానసోల్లాసమునకు అభిలషితార్థచింతామణి యని మరొక పేరు. ఐదు వింశతులుగ, నూరు అధ్యాయములుగ నున్న ఆ గ్రంథమున మత్స్యవినోదమను భాగము కలదు. సముద్రమున నుండు చేపలేవి, నదులలో నుండునవేవి, పొలుసు గలవేవి, లేనివేవి, ఏ జాతికి ఏ మేత వేసి అలవాటు చేయవలెను, కర్రయు దారమును కొక్కెమును ఎట్లుండవలెను అని ఆ భాగము వివరించును. సుందరలాల్ హోరా అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దీనిని ఆంగ్లమున పరిశీలించి ప్రకటించెను. రాజు పేరిట వెలసినను అందలి జ్ఞానము నీటిలో నిలిచి పనిచేసిన జాలరులది కాక మరెవ్వరిది? వారి పేర్లు దక్కలేదు. వారు చెప్పినది వ్రాతలో నుండుటచే ఎనిమిది వందల తొంబది యేండ్లు దాటినను నిలిచినది.

రాజుల కథ మాత్రమే చరిత్ర కాదని, ప్రజల తిండియు, ఆటయు, వృత్తియు చరిత్రయే యని తెలుగువారికి చాటినవాడు ఈ గద్వాల సీమ బిడ్డయే. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది. 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ మార్గమున చూచినచో గాలము గ్రంథాలయమున కెక్కుట వింత కాదు, ఎక్కకుండుటయే వింత.

ఇక నీటిని గూర్చి. గాలమునకు మొదటి పాఠము నీరే. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి ఏర్పడినవి. వీనిలో మూడు విధములైన నీరు కలదు.

మొదటిది పారు నీరు. భీమను కలుపుకొని వచ్చు కృష్ణ గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ ప్రవహించును. దక్షిణమున తుంగభద్ర గద్వాల జిల్లాకు ఎల్లయై అలంపురము మీదుగ పోయి కృష్ణలో కలియును. కృష్ణపై జూరాల జలాశయము 1995లో ప్రారంభమైనది. దాని పూర్తి మట్టము 1045 అడుగులు. ఆనకట్ట దిగువను రాళ్ళ నడుమ నురుగుతో పారు నీటిలో గాలము వేయు పద్ధతి వేరు, ఎగువను నిలిచిన నీటిలో వేయు పద్ధతి వేరు.

రెండవది చెరువు నీరు. వనపర్తి సంస్థాన ప్రభువులు తమ చెరువులకు సముద్రములని పేరు పెట్టుకొనిరి. శ్రీరంగాపురమున రంగనాథుని కోవెల చెంత నున్న రంగసముద్రము అట్టిదే. తరువాతి కాలమున 1959లో సరళాసాగరము పూర్తియైనది. నీరు నిండిన వెంటనే తమంతట తామే పనిచేయు సైఫన్లకు అది ప్రసిద్ధి కెక్కినది. చెరువులో కలువయు, తామరయు, తుంగయు పెరుగును. గట్టు వెంబడి నీరు వెచ్చగ నుండును.

మూడవది వెనుక నీరు. శ్రీశైలము ఆనకట్ట పని 1960లో మొదలై 1981లో ముగిసినది. పూర్తి మట్టము 885 అడుగులు. కొల్లాపురము సీమలో సోమశిల చెంత కృష్ణ ఒక సముద్రమువలె విస్తరించినది ఆ కారణముచేతనే. కూడవెల్లి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తరలించినదియు ఆ నీటి కారణముననే. ఈ నీరు ఏటేట ఎక్కుచు దిగుచుండును. నిన్న పొలముగ నున్న నేల నేడు మునుగును. మునిగిన గడ్డిలోనికి మేతకై చేప వచ్చును. నీటి మట్టము ఎక్కుచున్నదా, తగ్గుచున్నదా యని తెలియనివాడు అక్కడ ఎంత మంచి గాలము వేసినను ఫలము తక్కువ.

మూడు నీళ్ళకును వర్తించు సూత్రమొకటి కలదు. నీరు కలకబారినప్పుడు చేప కంటితో వెదకదు. వాసనతోను, మీసముల స్పర్శతోను వెదకును. నీరు తేరినప్పుడు కన్ను పనిచేయును. కావున ఎఱ్ఱని వరదనీటిలో వాసన గల ఎర వేయవలెను. కార్తికము తరువాత తేటనీటిలో కదలుచు మెరయు ఎర పనికివచ్చును. ఈ ఒక్క సూత్రము తెలిసినచో సగము విద్య చేతికి వచ్చినట్లే.

గాలమునకు అంగములు ఐదు: కర్ర, దారము, బెండు, గుండు, కొక్కెము. కర్రకు సన్నని గట్టి వెదురు మేలు. దారము పూర్వము నూలుతోను, జనుపనారతోను పేనుకొనెడివారు. ఇప్పుడు నైలాను దారము, అనగా తంగుసు, వాడుకలో నున్నది. జీలుగుబెండు గాని జొన్నదంటు బెండు గాని నీటిపై తేలుచు చేప ముట్టిన సంగతి తెలుపును. సీసపు గుండు ఎరను లోతునకు దించును. కొక్కెములను అంగళ్ళలో సంఖ్యలనుబట్టి అమ్ముదురు. సంఖ్య పెరిగిన కొలది కొక్కెము చిన్నదగును. ఒకటి దాటిన పిమ్మట 1/0, 2/0 అని సున్న చేర్చి చెప్పునవి క్రమముగ పెద్దవి. ఇది తెలియక పన్నెండవ సంఖ్య పెద్దదనుకొని కొని తెచ్చుకొన్నవారు కలరు.

ముడి విషయమున అశ్రద్ధ కూడదు. తంగుసును కొక్కెపు కన్నమున దూర్చి, దారము చుట్టు ఐదారు మెలికలు వేసి, కొసను కన్నము దగ్గరి ఉచ్చులో మరల దూర్చి, తడిపి, మెల్లగ బిగింపవలెను. తడుపక బిగించినచో ఒరిపిడిచే తంగుసు బలము తగ్గును. పెద్ద చేప తెంపుకొని పోయినదని చెప్పుకొను కథలలో చాలవరకు చేప బలముకంటె ముడి బలహీనతయే కారణము.

చేపల వారీగ కొన్ని మాదిరులను చెప్పవలెను.

జెల్ల నీటి అడుగున తిరుగును. వానపాము, అనగా ఎఱ్ఱ, దానికి ఇష్టము. తొలకరి నీరు కలకగ వచ్చిన రోజులలోను, సాయంకాలము చీకటి పడినపుడును చక్కగ పట్టును. గుండు వేసి ఎరను నేలకు ఆనించవలెను. పట్టిన పిమ్మట వీపు ముల్లును, రెండు ప్రక్కల ముళ్ళను తప్పించి పట్టుకొనవలెను. ఆ ముల్లు గ్రుచ్చుకొన్న బాధ యెట్టిదో బెస్తవారి పిల్లలను అడిగిన తెలియును.

వాలుగ లోతు మడుగులలో పగలు దాగి రాత్రి వేటకు బయలుదేరును. దానికి చిన్న చేపయే ఎర. దాని కోరలు తంగుసును కోసివేయును గనుక కొక్కెమునకు పైన జానెడు సన్నని తీగ కట్టవలెను. కొక్కెము పెద్దదియు బలమైనదియు కావలెను.

బొచ్చె, రవ్వ, మృగాల అను మూడును ఒకే చెరువులో నున్నను ఒకే చోట మేయవు. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిని మేయును. రవ్వ నడిమి నీటిని, మృగాల అడుగును ఆశ్రయించును. ఈ చేపలకు వానపాముకంటె పిండిముద్ద మేలు. తౌడును, ఈ సీమలో సమృద్ధిగ దొరకు వేరుసెనగ చెక్కను తడిపి ముద్దచేసి, కొక్కెము కనబడకుండ కప్పవలెను. ముందు రెండు దినములు అదే చోట కొంచెము మేత వేసి అలవాటు చేసినచో మూడవ నాడు చేప నమ్మి వచ్చును. సోమేశ్వరుడు చెప్పినదియు ఇదే సూక్ష్మము. బెండును పైకి, క్రిందికి జరిపి ఏ లోతున ఏ చేప ముట్టుచున్నదో కనిపెట్టవలెను.

కొఱ్ఱమట్ట సంగతి వేరు. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్ర మత్స్యముగ ప్రకటించినది. ఇది గాలిని పీల్చుటకు నీటిపైకి వచ్చును. తామరాకుల నడుమ బుడగ లేచిన చోటనే దాని ఉనికి. కప్ప దానికి ప్రియమైన ఆహారము. కప్పను కొక్కెమునకు గ్రుచ్చి ఆకులపై మెల్లగ లాగుట వాడుక. జీవముగల కప్పకు బదులు మాయకప్పను కట్టవచ్చును. బెండుముక్కను కప్ప ఆకారమున చెక్కి, ఆకుపచ్చని గుడ్డ చుట్టి, దారముతో బిగించి, పాత సైకిలు ట్యూబు ముక్కలను కాళ్ళుగ అమర్చి, కొక్కెపు ములుకు పైకి ఉండునట్లు కట్టవలెను. ములుకు పైకి ఉన్నచో ఆకులకు తగులుకొనదు. పొలమున పురుగులను తిను కప్పయు బ్రదుకును.

ఇట్లు జీవముగల ఎరకు బదులు దాని రూపమును కట్టుట యనునది ప్రపంచమున ఒక పెద్ద కళగ వర్ధిల్లినది. దానిని అర్థము చేసికొనుటకు దూరము పోనక్కరలేదు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలివాన కురిసిన సాయంకాలము పుట్టలనుండి ఉసిళ్ళు లేచును. అవి దీపముల చుట్టు మూగి, రెక్కలు తడిసి చెరువులో పడును. అప్పుడు వెండివలె మెరయు చిన్న చేపలు నీటిపైకి ఎగిరి వానిని అందుకొనును. ఆ సమయమున వానపాము వేసినవానికి ఒక్క చేపయు తగులకపోవచ్చును. చిన్న కొక్కెమునకు ఈకతో ఉసిళ్ళ రెక్కలవంటి రెక్కలు కట్టి నీటిపై తేలవేసినచో చేప దానిని నిజమైన పురుగని నమ్మును. ఆంగ్లేయులు దీనిని ఫ్లై అందురు. ఫ్లై అనగా ఈగ. తెలుగున ఈగగాలమని పిలుచుకొనవచ్చును.

దీని చరిత్ర ప్రాచీనమైనది. సుమారు పదునెనిమిది వందల యేండ్ల క్రిందట ఈలియన్ అను రచయిత మాసిడోనియా దేశపు ఏటిలో జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిమెడ ఈకలు రెండు కట్టి చేపలను పట్టుచున్నారని వ్రాసెను. నీటిపై తిరుగు అసలు పురుగును చేత ముట్టిన వెంటనే దాని రంగును రెక్కలును చెడును గనుక వారు దాని రూపమును కట్టుకొనిరి. ఇంగ్లండున 1496లో అచ్చయిన గాలపు గ్రంథమున పన్నెండు ఈగగాలముల మాదిరులు నెలల వారీగ చెప్పబడినవి. జూలియానా బెర్నర్స్ అను సన్న్యాసిని దానిని రచించినదని ప్రతీతి. 1653లో ఐజాక్ వాల్టన్ వ్రాసిన గాలపు గ్రంథము నేటికిని అచ్చగుచునే యున్నది. 1676లో ఛార్లెస్ కాటన్ దానికి ఈగగాలములను గూర్చిన భాగమును చేర్చెను.

వారి పద్ధతిలో గమనింపదగినది ఒకటి కలదు. ఒకడు క్రొత్త మాదిరిని కట్టినచో దానిని వంటల పుస్తకములో పులుసు చేయు విధానము వ్రాసినట్లు వ్రాసియుంచును. కొక్కెము ఎన్నవ సంఖ్య, దారము ఏ రంగు, తోక ఏ ఈక, ఒడలు ఏ ఉన్ని, రెక్క ఏ పక్షిది, ఏ నీటికి, ఏ నెలకు తగినది అని వరుసగ చెప్పును. దానికొక పేరు పెట్టును. చదివినవాడు తన యేటికి తగినట్లు మార్చుకొని మరల వ్రాయును. ఇట్లు వందల యేండ్లు ఇచ్చి పుచ్చుకొనుటచే ఆ విద్య కొండంత యైనది.

ఆ కొండలో దక్షిణదేశపు రాయియు కలదు. దక్షిణ భారతారణ్యములలో తిరుగు బూడిదరంగు అడవికోడి పుంజు మెడఈకలపై మైనము పూసినట్లు నిగనిగలాడు చుక్కలుండును. అవి చిన్న చేప కన్నువలె కనబడునని స్కాట్లండు, ఇంగ్లండు దేశముల గాలగాండ్రు పెద్ద చేపల కొరకు కట్టు ఈగగాలములలో వానిని వాడిరి. ఆ గిరాకిచే అడవికోళ్ళు అధికముగ చంపబడినవి. అడవి పక్షుల ఈకల ఎగుమతిని ప్రభుత్వము 1902లో నిషేధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పక్షికి రక్షణ కల్పించినది. చేపను పట్టు నేర్పు అడవిలోని పక్షికి చేటు తెచ్చిన ఉదాహరణ మిది. ఇంటికోడి ఈకతో కట్టిన గాలమునకును చేప తగులును. ఒక ప్రాణి వంశమును తుదముట్టించి కట్టిన గాలము ఎంత అందమైనదైనను విద్య యనిపించుకొనదు.

భారతదేశమున ఆంగ్లేయుల కాలమున ఈ విద్యను గ్రంథస్థము చేసినవాడు మద్రాసు సర్వీసులో ఉద్యోగియగు హెచ్. ఎస్. థామస్. ఆయన గ్రంథము ‘ది రాడ్ ఇన్ ఇండియా’ 1873లో వెలువడినది. నదులలో రాజువంటిదగు మహసీరు చేపను గూర్చి ఆయన విస్తరించి వ్రాసెను. దక్కను మహసీరును 1839లో సైక్సు అను అధికారి పుణె చెంత ములా-ముఠా నదిలో కనుగొని శాస్త్రలోకమునకు తెలిపెను. ఆ నీరు భీమలో కలిసి, భీమ కృష్ణలో కలిసి ఈ జిల్లాకే వచ్చుచున్నది. పారు నీటిని, రాళ్ళను కోరు ఆ చేపకు నేడు ఆనకట్టల నడుమ చోటు తగ్గినది. లోణావళాలో టాటా సంస్థవారు 1970 ప్రాంతమునుండి దాని పిల్లలను పెంచి నీటిలో విడిచిరి.

ఇంత విద్య పరదేశములలో పుస్తకముల కెక్కగా ఇక్కడ ఎందుకు ఎక్కలేదు? జాలరికి ఎర రహస్యము ఆస్తివంటిది. తండ్రి కొడుకునకు చెప్పును, పొరుగువానికి చెప్పడు. దానిని తప్పుపట్టరాదు. వినోదమునకు గాలము వేయువాడు చేప దొరకకున్నను ఇంట అన్నము తినును. బెస్తవానికి చేప దొరకనినాడు పొయ్యి వెలుగదు. అతడు తన రహస్యమును దాచుకొనుట లోభము కాదు, బ్రదుకుతెరువు.

అయితే దాచిన రహస్యమును అందుకొను కొడుకు ఏడి? పాలమూరు వలస లోకమున కంతటికి తెలిసినదే. పొట్టచేతబట్టుకొని బొంబాయి, పుణె, హైదరాబాదులకు పోయినవారి పిల్లలు పుట్టి నడుపుట నేర్వలేదు. వెదురుబద్దలతో అల్లిన గుండ్రని పుట్టిలో కూర్చుండి ఒంటి తెడ్డుతో కృష్ణను దాటగలవాడు నేటి యువకులలో ఎందరు? తండ్రి చెప్పుటకు సిద్ధముగ నున్నను వినుటకు కొడుకు ఊరిలో లేడు. పొరుగువానికి చెప్పరాదను నియమము మిగిలినది, కొడుకునకు చెప్పు అవకాశము పోయినది. ఇట్టి స్థితిలో దాచుట యనగా పారవేయుటయే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఈ విద్యను పదిమందికి చెప్పినచో పదిమందియు గాలములు పట్టుకొని చెరువు మీద పడుదురు గదా, చేప మిగులునా యని. ఈ ప్రశ్న న్యాయమైనది. దానికి రెండు సమాధానములు కలవు.

మొదటిది: చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘములది. సంఘము పెంచుకొను చేపను అనుమతి లేక పట్టుట దొంగతనమని చదువుకొన్నవారు మొదట గ్రహింపవలెను. విద్య పంచుకొనవచ్చును గాని ఒకరి సొత్తు పంచుకొనరాదు.

రెండవది: నదిని ఖాళీచేయునది గాలము కాదు. గాలము ఒక్కొక్క చేపనే పట్టును. కొక్కెము పరిమాణమును బట్టి ఏ చేప రావలెనో, ఏది రాకూడదో కొంతవరకు నిర్ణయింపవచ్చును. చిన్నది తగిలినచో విడిచిపెట్టవచ్చును. అలివి వల అట్టిది కాదు. దోమతెరవంటి సన్నని కన్నులతో మిక్కిలి పొడవుగ నుండు ఆ వలను వెనుక నీటిలో వేసి ఒడ్డునకు లాగినచో వ్రేలెడు పిల్లలతో సహా సమస్తము వచ్చును. వానిని ఎండబెట్టి అమ్ముదురు. కొల్లాపురము ప్రాంతమున కృష్ణలో ఈ వలల వేట స్థానిక జాలరులకు కంటనీరు తెప్పించినది. ప్రభుత్వము నిషేధించినను, అధికారులు పట్టుకొని తగులబెట్టినను అది పలుమారులు తలయెత్తినది. ప్రేలుడు మందులతోను, విషముతోను చేపలను చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. ఇన్నేండ్లకును ఆ మాట మరల చెప్పవలసివచ్చుట విచారకరము.

అలివి వలకు ఏ జ్ఞానమును అక్కరలేదు. బొచ్చె పైన మేయునని తెలియనక్కరలేదు, వాలుగ రాత్రి తిరుగునని తెలియనక్కరలేదు. లాగు బలముండిన చాలును. జ్ఞానము నశించిన చోటనే అట్టి సాధనము ప్రవేశించును. చేపను ఎరిగినవాడు దాని పుట్టుకను కూడ ఎరుగును. పుట్టుకను ఎరిగినవాడు దానిని నిర్మూలింపజాలడు. పట్టు విద్యలో విడుచు విద్యయు ఇమిడియున్నది. ఈ ప్రసంగమునకు సారమింతే.

విడుచు విద్యకు ఉదాహరణములు కొన్ని. కొఱ్ఱమట్ట తన పిల్లలను విడిచిపోదు. ఎఱ్ఱగ నున్న పిల్లల గుంపు నీటిపై ముద్దగ తేలుచుండగా తల్లిదండ్రులు క్రిందనే కాపలా కాయును. ఆ సమయమున గుంపు నడుమ కప్పను వేసినచో పెద్ద చేప కోపముతో వచ్చి తగులును. అది తేలిక వేట. కాని ఆ ఒక్క చేపను పట్టినచో కాపలా లేని ఆ పిల్లలన్నియు ఇతర చేపలకు ఆహారమగును. తెలిసిన జాలరి ఆ ముద్దను చూచి కర్ర పైకెత్తును.

బొచ్చె, రవ్వ, మృగాలలు నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలమున నది పొంగినప్పుడు ఎదురెక్కి పారు నీటిలో పెట్టును. సాధారణముగ రెండవ యేడు నిండినగాని అవి ఈడునకు రావు. చెరువులకు కావలసిన పిల్లలను పూర్వము నదులనుండియే తెచ్చెడివారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు సూదిమందుతో ఈ జాతులచేత గ్రుడ్లు పెట్టించిరి. నేడు చెరువులలో విడుచు పిల్లలు ఆ విద్య ఫలమే. అయినను నదిలోని చేపకు సూదిమందు వేయువారు లేరు. వరదలో ఎదురెక్కు కడుపుచేపను ఆనకట్ట క్రింద పట్టుట వచ్చు యేటి పంటను విత్తనముగ నుండగనే వండుకొనుట.

చిన్నది తగిలినచో విడుచు పద్ధతియు నేర్వవలెను. పొడిచేతితో పట్టినచో చేప మీది జిగురు ఊడి రోగము తగులును. చేయి తడిపి పట్టవలెను. కొక్కెములోని ఎదురుముల్లును పట్టకారుతో నొక్కివేసినచో గాయము లేకుండ తీయవచ్చును. కొక్కెము లోతుగ దిగినచో పెరుకక తంగుసును దగ్గరగ కోసి విడుచుట మేలు.

ఇప్పుడు గ్రంథాలయము చేయదగిన పని. ఇరువదియైదవ యేట ఈ గ్రంథాలయము ఒక ఖాతాపుస్తకమును తెరువవలెను. దానికి గాలపు పుస్తకమని పేరు పెట్టవచ్చును. ఒక్కొక్క పుటలో ఎనిమిది గడులు గీయవలెను: నీరు, కార్తె, నీటి రంగు, చేప, కొక్కెము, ఎర లేక కట్టిన మాదిరి, చెప్పినవారి పేరు, విడువవలసిన వేళ. మచ్చునకు ఒక వరుస: చెరువు, స్వాతి కార్తె, తేటనీరు, కొఱ్ఱమట్ట, పెద్ద కొక్కెము, ములుకు పైకి, ఆకుపచ్చ గుడ్డతో మాయకప్ప, ఫలానావారు, ఎఱ్ఱపిల్లల ముద్ద కనబడినచో వేయరాదు. మరొక వరుస: వరద తీసిన నది, హస్త కార్తె, కలకనీరు, జెల్ల, నడిమి కొక్కెము, గుండు, వానపాము, ఫలానావారు, వ్రేలెడు చేపను విడువవలెను.

చదువు రాని పెద్దలు చెప్పగా పాఠశాల విద్యార్థులు వ్రాయవలెను. చెప్పినవారి ఇష్టము లేనిదే ఒక్క అక్షరమును వ్రాయరాదు. రహస్యమును దాచుకొనదలచినవారి గౌరవమునకు లోపము రానీయరాదు. చెప్పినవారి పేరు మాత్రము తప్పక వ్రాయవలెను. సోమేశ్వరుని గ్రంథమున జాలరుల పేర్లు లేని లోటు ఈ పుస్తకమున ఉండకూడదు. కట్టిన మాదిరులను ఒక అట్టమీద కుట్టి, అద్దము బిగించి గోడకు తగిలించినచో చదువు రానివారికిని అది పుస్తకమే యగును. వలస పోయిన కొడుకు పండుగకు ఊరు వచ్చి ఆ పుస్తకమును విప్పినచో తండ్రి విద్య అతని కొరకు అక్కడ వేచియుండును. జూరాల ఒడ్డున వ్రాసినది సోమశిలవారికిని, సోమశిలలో వ్రాసినది వనపర్తి చెరువులవారికిని ప్రతులుగ పంపినచో మూడు జిల్లాల నీరును ఒక పుస్తకమున కలియును.

ధనము పంచిన కొలది తరుగును, విద్య పంచిన కొలది పెరుగును అని పెద్దలందురు. ఈ విద్య విషయమున ఇంకొక మాట చేర్చవలెను: దీనిని పంచినచో విద్య యొక్కటియే కాదు, చేపయు పెరుగును. పట్టుటకు నేర్చినవారు ఎప్పుడు పట్టరాదో కూడ నేర్చుకొందురు గనుక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండియుండవలెననియు, అందు పేర్కొన్న చేపలన్నియు కృష్ణా తుంగభద్రలలో సజీవముగ నుండవలెననియు ఆకాంక్ష.

స్వస్తి.